నియమం, తాత్పర్యం, భయం: అమెరికా పాఠశాలల ఆర్థిక సిబ్బందికి ఫెడరల్ నిధుల శిక్షణ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాల విద్యకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధులు అనేక షరతులతో కూడి ఉంటాయి. ఆ షరతులను పాటించే భారం చివరకు పాఠశాల డిస్ట్రిక్టులలో లెక్కలు రాసే ఉద్యోగులపై పడుతుంది. వారికి ఇచ్చే శిక్షణ సాధారణంగా నియమాన్ని విధినిషేధాల జాబితాగా బోధిస్తుందనీ, ఆ నియమం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో చెప్పడం మరిచిపోతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మన శాస్త్ర సంప్రదాయంలోని తాత్పర్య నిర్ణయ పద్ధతిని విమర్శ సాధనంగా తీసుకొని మూడు నియమాలనూ ఒక న్యాయస్థాన తీర్పునూ పరిశీలిస్తుంది. జాబితా పద్ధతి సిబ్బందిలో భయాన్ని పెంచుతుందనీ, ఆ భయం పేద పిల్లలకు చేరవలసిన సేవను తగ్గిస్తుందనీ నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఫెడరల్ విద్యానిధులు, టైటిల్ వన్, యూనిఫాం గైడెన్స్, ఆడిట్, శిక్షణ, తాత్పర్య నిర్ణయం.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో ప్రాథమిక, మాధ్యమిక విద్య ప్రధానంగా రాష్ట్రాల, స్థానిక సంస్థల బాధ్యత. ఫెడరల్ ప్రభుత్వ వాటా మామూలు సంవత్సరాలలో మొత్తం ఆదాయంలో సుమారు పదో వంతుకు మించదు. అయితే ఆ పదో వంతు వెంట వచ్చే నియమాల బరువు దాని పరిమాణానికి ఎన్నో రెట్లు ఎక్కువ. దేశంలోని 13 వేలకు పైగా డిస్ట్రిక్టులలో ఈ నియమాలను నిత్యం ఎదుర్కొనేది చట్టసభ సభ్యులు కారు, విద్యావేత్తలు కారు. జీతాల పట్టికలు తయారుచేసేవారు, కొనుగోలు ఉత్తరువులు పరిశీలించేవారు, బిల్లులు చెల్లించేవారు.

వీరికి శిక్షణ ఇచ్చేందుకు రాష్ట్ర విద్యాశాఖలు, వృత్తి సంఘాలు, ప్రైవేటు సలహా సంస్థలు కరదీపికలనూ తరగతులనూ సిద్ధం చేస్తాయి. ఈ శిక్షణ సాహిత్యాన్ని పరిపాలనాశాస్త్రం పరిశీలించింది గాని, ఒక పాఠంగా, అంటే అర్థాన్ని నిర్మించి పాఠకునికి అందించే రచనగా చదివే ప్రయత్నం తక్కువ. ఈ వ్యాసం ఆ కోణాన్ని ఎంచుకొంటుంది. ఏ ఒక్క సంస్థ శిక్షణనో తప్పుపట్టడం దీని ఉద్దేశం కాదు. ఈ రకపు శిక్షణకు సామాన్యంగా ఉన్న స్వభావమే పరిశీలనాంశం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం నుంచి గ్రాంటు అందుకొన్న మన కళాశాల అధ్యాపకులకు వినియోగ ధ్రువపత్రం సమర్పించే అనుభవం కొత్త కాదు. పరిశోధనకు అవసరమైన వస్తువు ఒకటైతే, పద్దులో ఇమిడే వస్తువు మరొకటైనప్పుడు కలిగే ఇబ్బంది వారికి తెలుసు. ఈ వ్యాసం రెండు దేశాల తులనాత్మక అధ్యయనం కాకపోయినా, సమస్య స్వభావం మన పాఠకులకు సుపరిచితమే.

2. నియమాల పుట్టుక

1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఎలిమెంటరీ అండ్ సెకండరీ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం చేశాడు. టెక్సాస్‌లో తాను చిన్ననాట చదివిన బడి వద్ద, తనకు మొదట చదువు చెప్పిన ఉపాధ్యాయురాలి సమక్షంలో ఆ సంతకం జరిగింది. ఆ చట్టంలోని మొదటి భాగమైన టైటిల్ వన్, పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు అదనపు నిధులు ఇవ్వడానికి ఉద్దేశించినది.

నాలుగేళ్లు తిరగకుండానే ఆ నిధులు దారితప్పుతున్నాయని తెలిసింది. 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ రూపొందించిన నివేదిక, ఆడిట్ పత్రాల ఆధారంగా, టైటిల్ వన్ డబ్బు పేద పిల్లల అదనపు చదువుకు కాక ఇతర అవసరాలకు పోతున్న తీరును బయటపెట్టింది. ఈతకొలనుల కొనుగోలు అందులో ఒక ప్రసిద్ధ ఉదాహరణ. అంతకంటే లోతైన దోషం మరొకటి ఉంది. కొన్ని డిస్ట్రిక్టులు పేద పిల్లల బడులకు తాము ఇవ్వవలసిన సొంత నిధులను తగ్గించి, ఆ లోటును ఫెడరల్ డబ్బుతో పూడ్చుకొన్నాయి. అంటే పేద పిల్లవాడి పేరుతో వచ్చిన సొమ్ము ఇతర ఖర్చులకు వెసులుబాటు కల్పించిందన్నమాట.

దీనికి సమాధానంగా 1970 సవరణలలో రెండు నియమాలు చట్టంలోకి వచ్చాయి. ఫెడరల్ నిధి రాష్ట్ర, స్థానిక నిధులకు అదనం కావాలే గాని వాటి స్థానాన్ని ఆక్రమించరాదన్నది మొదటిది. దీనినే సప్లిమెంట్, నాట్ సప్లాంట్ అంటారు. టైటిల్ వన్ బడులకూ ఇతర బడులకూ స్థానిక నిధులతో అందే సేవలు దాదాపు సమానంగా ఉండాలన్నది రెండోది. దీని పేరు కంపారబిలిటీ. డిస్ట్రిక్టు తన సొంత వ్యయస్థాయిని నిలుపుకోవాలనే మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్ నియమం వీటికి తోడుగా నిలుస్తుంది.

వీటికి సమాంతరంగా లెక్కల నియమాలు కూడా పెరిగాయి. 1984లో సింగిల్ ఆడిట్ చట్టం వచ్చింది. 2013 డిసెంబరు 26న ఫెడరల్ బడ్జెట్ కార్యాలయం అంతవరకు వేర్వేరుగా ఉన్న ఎనిమిది సర్క్యులర్లను కలిపి యూనిఫాం గైడెన్స్ ప్రకటించింది. అది సరిగ్గా ఏడాది తరువాత అమలులోకి వచ్చింది. 2024లో దానికి సమగ్రమైన సవరణలు జరిగాయి. విద్యాశాఖకు ఎడ్గార్ అనే సొంత నిబంధనావళి ఉంది. సిబ్బంది శిక్షణలో బోధనాంశం ఈ మొత్తం సామగ్రి.

3. విమర్శ సాధనం

ఒక ప్రకరణానికి తాత్పర్యం ఏమిటో నిర్ణయించడానికి మన శాస్త్రకారులు ఆరు లింగాలను చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఇవి వేదవాక్యాల కోసం ఏర్పడినవైనా, శాసన రూపంలో ఉన్న ఏ వాక్యసముదాయాన్ని చదవడానికైనా ఉపకరిస్తాయి. ప్రస్తుత పరిశీలనకు వీటిలో నాలుగు చాలు.

మొదటిది ఉపక్రమం. టైటిల్ వన్ ఆరంభంలోనే చట్టం తన ప్రయోజనాన్ని చెప్పుకొంటుంది. పిల్లలందరికీ న్యాయమైన, నాణ్యమైన విద్య పొందే అవకాశం కల్పించడం, విద్యాసాధనలో ఉన్న అంతరాలను పూడ్చడం ఆ ప్రయోజనం. రెండోది అభ్యాసం, అంటే ఒకే భావాన్ని మళ్లీమళ్లీ చెప్పడం. సప్లిమెంట్ నియమం, కంపారబిలిటీ, మెయింటెనెన్స్ ఆఫ్ ఎఫర్ట్ అనే మూడూ పైకి మూడు నియమాలు. చెప్పేది మాత్రం ఒక్కటే: పేద పిల్లవాడికి స్థానిక ప్రభుత్వం బాకీపడిన భాగం తగ్గకూడదు, ఫెడరల్ డబ్బు దానిపైన చేరాలి. మూడోది అపూర్వత, అంటే ఇంతకుముందు లేనిది ఈ వాక్యం కొత్తగా ఏమి చెబుతోందన్న ప్రశ్న. చట్టం సవరణకు గురైనప్పుడల్లా అడగవలసిన ప్రశ్న ఇదే. నాలుగోది ఫలం. ఇక్కడ ఫలం పిల్లవాడి చదువు. ఆడిట్ నివేదికలో ఆక్షేపణ లేకపోవడం కాదు.

సాధారణ శిక్షణ ఈ నాలుగింటినీ పక్కనపెట్టి, మధ్యలో ఉన్న విధినిషేధ వాక్యాలను మాత్రమే ఏరి పట్టికగా కూర్చుతుంది. మూడు నియమాలను మూడు వేర్వేరు అధ్యాయాలుగా, మూడు వేర్వేరు ఫారాలుగా బోధిస్తుంది. వాటి వెనుక ఉన్న ఏకవాక్యత బోధింపబడదు. ఈ లోపం ఆచరణలో ఏ ఫలితాలకు దారితీస్తుందో మూడు ఉదాహరణలలో చూడవచ్చు.

4. ఒకే పదబంధం, వేర్వేరు అర్థాలు

సప్లిమెంట్ నియమాన్ని ఉల్లంఘించారా లేదా అని తేల్చడానికి చాలాకాలం మూడు పరీక్షలు వాడుకలో ఉండేవి. ఆ సేవ వేరే చట్టం ప్రకారం తప్పనిసరిగా అందించవలసినదా? గత సంవత్సరం అదే సేవకు స్థానిక నిధులతో చెల్లించారా? టైటిల్ వన్‌లో లేని పిల్లలకు అదే సేవను స్థానిక నిధులతో అందిస్తున్నారా? వీటిలో ఏ ఒక్కదానికి అవునని సమాధానం వచ్చినా ఉల్లంఘన జరిగినట్లు భావించేవారు. కాదని నిరూపించే భారం డిస్ట్రిక్టుది.

ఈ పరీక్షలు పేద పిల్లల రక్షణకు పుట్టినవే. అయితే మెలిస్సా జంగ్, షీరా క్ర్వారిక్ 2012లో వెలువరించిన పత్రంలో వీటి మరో ముఖాన్ని చూపారు. ఖర్చు అదనమైనదని సులభంగా నిరూపించుకోవాలన్న ఆత్రుతలో, బడికి నిజంగా కావలసిన మౌలిక మార్పులను వదిలి, విడిగా కనిపించే చిన్నచిన్న కార్యక్రమాలను డిస్ట్రిక్టులు ఎంచుకొంటున్నాయన్నది వారి వాదన. నియమం పాటించినట్లే ఉంటుంది, ప్రయోజనం నెరవేరదు.

2015 డిసెంబరు 10న ఆమోదం పొందిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్ టైటిల్ వన్ విషయంలో ఈ పద్ధతిని మార్చింది. ఒక్కొక్క ఖర్చు అదనమైనదా అని విడిగా నిరూపించనక్కరలేదు. రాష్ట్ర, స్థానిక నిధులను బడులకు పంచే పద్ధతిలో, టైటిల్ వన్ బడికి ఆ కారణంగా ఒక్క డాలరు కూడా తగ్గలేదని చూపితే చాలు. చట్టంలోని అపూర్వాంశం ఇది. ప్రశ్న బిల్లు స్థాయి నుంచి పంపకం స్థాయికి మారింది.

ఒక కల్పిత సందర్భాన్ని తీసుకొందాం. ఒక టైటిల్ వన్ బడిలో, చదవడంలో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేకంగా బోధించే ఉపాధ్యాయురాలు ఉంది. గత సంవత్సరం ఆమె జీతం స్థానిక నిధులనుంచి వచ్చింది. ఈ సంవత్సరం ఆ బడి తన టైటిల్ వన్ నిధులతో ఆమెను కొనసాగించాలనుకొంది. గత సంవత్సరపు ఖర్చును ఫెడరల్ పద్దుకు మార్చకూడదని నిషేధరూపంలో నేర్చుకొన్న గుమాస్తా ఆ ప్రతిపాదనను వెనక్కు పంపుతాడు. 2015 తరువాతి చట్టం ప్రకారం అతడు అడగవలసిన ప్రశ్న వేరు: ఈ బడికి స్థానిక నిధుల వాటా టైటిల్ వన్‌తో సంబంధం లేకుండా లెక్కకట్టారా? లెక్కకట్టి ఉంటే, ఆ ఉపాధ్యాయురాలిని కొనసాగించడానికి ఈ నియమం అడ్డు కాదు. గుమాస్తా అజ్ఞానంతో తప్పు చేయలేదు. నేర్చుకొన్నదానివల్లనే తప్పు చేశాడు.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా సాధ్యమే. 2015తో పాత పరీక్షలు పూర్తిగా పోయాయని నేర్చుకొన్నవాడు, ఇంగ్లీషు నేర్చుకొంటున్న పిల్లలకు ఉద్దేశించిన టైటిల్ త్రీ నిధుల దగ్గర పొరబడతాడు. అక్కడ పాత పరీక్షలు ఇంకా వర్తిస్తాయి. ఇంగ్లీషు రాని పిల్లలకు చదువులో పాల్గొనే అవకాశం కల్పించడం పౌరహక్కుల చట్టం ప్రకారం డిస్ట్రిక్టు విధి అని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ తీర్పులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆ కనీస సేవకు స్థానిక నిధులే వెచ్చించాలి. టైటిల్ త్రీ దానిపైన చేరాలి. ఇటీవల వలసవెళ్లిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా కొందరు ఈ సేవల పరిధిలోకి వచ్చేవారే కనుక ఈ భేదం మనకు కేవలం పుస్తక విషయం కాదు. ఇక ప్రత్యేక అవసరాల పిల్లల చట్టంలోనూ ఇదే పదబంధం ఉంది. అక్కడ ఆచరణలో ప్రధానమైన పరీక్ష, డిస్ట్రిక్టు తన సొంత వ్యయాన్ని తగ్గించకపోవడం.

సైంధవం అనే పదానికి ఉప్పు, గుర్రం అనే రెండర్థాలు ఉన్నాయనీ, భోజన సమయంలో ఒకటీ ప్రయాణ సమయంలో మరొకటీ గ్రహించాలనీ అలంకారశాస్త్ర విద్యార్థులు మొదటి పాఠాలలోనే నేర్చుకొంటారు. సప్లిమెంట్ అనే మాట విషయంలో ఫెడరల్ నిధుల శిక్షణ చెప్పవలసిన మొదటి పాఠం కూడా ఇదే. ప్రకరణాన్ని వదిలి పదబంధానికి ఒకే అర్థం నేర్పడం ఈ శిక్షణలోని మొదటి దోషం.

5. సంతకమూ సాక్ష్యమూ

ఫెడరల్ నిధులతో జీతం పొందే ఉద్యోగి ఆ పని నిజంగా చేశాడని రుజువు ఉండాలి. దీనిని టైమ్ అండ్ ఎఫర్ట్ అంటారు. యూనిఫాం గైడెన్స్‌కు పూర్వం ఉన్న సర్క్యులర్ ఈ రుజువు రూపాన్ని కూడా నిర్దేశించింది. ఒకే కార్యక్రమంలో పనిచేసేవారు ఆరునెలలకోసారి ధ్రువపత్రం ఇవ్వాలి. రెండు మూడు కార్యక్రమాల మధ్య కాలాన్ని పంచుకొనేవారు నెలనెలా కార్యకలాపాల నివేదిక రాయాలి. కొత్త నియమం రూపాన్ని వదిలి లక్షణాన్ని పట్టుకొంది. రికార్డు చేసిన పనిని యథాతథంగా ప్రతిబింబించాలి, దానికి విశ్వసనీయమైన అంతర్గత నియంత్రణ తోడుండాలి, బడ్జెట్ అంచనా ఒక్కటే ఆధారం కారాదు.

పాత ఫారాలను కొనసాగించడం తప్పు కాదు. కాని శిక్షణ ఫారం నింపడాన్నే నియమపాలనగా బోధించినప్పుడు విపరీతం జరుగుతుంది. ఉదయం టైటిల్ వన్ పిల్లలకూ మధ్యాహ్నం సాధారణ తరగతికీ బోధించే ఉపాధ్యాయుడిని డిసెంబరులో ప్రధానోపాధ్యాయుడు పూర్తిగా సాధారణ తరగతికి మార్చాడనుకొందాం. ఆ సంగతి జీతాల విభాగానికి చేరదు. ఏడాది చివర గుమాస్తా అందరి సంతకాలూ సేకరిస్తాడు. ఫైలు నిండుతుంది. సగం జీతం మాత్రం టైటిల్ వన్ పద్దులోనే పడుతూ వచ్చింది. ఇక్కడ లోపించింది సంతకం కాదు. బడికీ లెక్కల విభాగానికీ మధ్య సమాచారం.

నియమం అడిగే అంతర్గత నియంత్రణ అంటే ఈ సమాచార మార్గమే. దానిని లెక్కల సిబ్బందికి మాత్రమే బోధించి ప్రయోజనం లేదు. పని మార్చే అధికారం ప్రధానోపాధ్యాయునిది, కార్యక్రమ రూపకల్పన విద్యావిభాగం సంచాలకునిది. వారు లేని తరగతిలో, అధికారం లేనివారికి బాధ్యతను బోధిస్తున్నాము. శిక్షణలోని రెండో దోషం ఇది.

6. తేదీల పట్టిక

ఎడ్గార్‌లో, నిధిని ఏ రోజున కట్టుబడి ఖర్చు చేసినట్లు లెక్కించాలో తెలిపే పట్టిక ఉంది. సొంత ఉద్యోగి సేవ అయితే పని జరిగిన రోజు. బయటి గుత్తేదారు సేవ అయితే కట్టుబడేలా లిఖిత ఒప్పందం చేసుకొన్న రోజు. ప్రయాణమైతే ప్రయాణం చేసిన రోజు. నిధి గడువు సెప్టెంబరు 30తో ముగుస్తుందనుకొందాం. అక్టోబరు 3న సొంత ఉపాధ్యాయులు అదనపు గంటలు పనిచేస్తే ఆ చెల్లింపు గడువు దాటినట్లే. అదే పనికి సెప్టెంబరు 25న బయటి సంస్థతో ఒప్పందం కుదిరి ఉంటే, తేదీ దృష్ట్యా అది గడువులోనే ఉన్నట్లు.

శిక్షణ తరగతులలో ఈ పట్టికను కంఠస్థం చేయిస్తారు. సెప్టెంబరు చివరి వారంలో మిగిలిన సొమ్మును ఎలాగైనా ఒప్పందాలలోకి మార్చవచ్చన్న పాఠం దానినుంచి పుట్టే ప్రమాదం ఉంది. తేదీ సరిపోవడం ఒక్కటే చాలదు. ఆ ఖర్చు అవసరమైనదై, సమంజసమైనదై, ఆ కార్యక్రమానికి చెందినదై ఉండాలని యూనిఫాం గైడెన్స్ విడిగా చెబుతుంది. ఈ రెండు వాక్యాలను కలిపి చదవడమే ఏకవాక్యత. మరోవైపు, టైడింగ్స్ సవరణ వల్ల చాలా విద్యానిధులకు పన్నెండు నెలల అదనపు గడువు ఉంది. మొత్తం ఇరవై ఏడు నెలల వరకు ఖర్చు చేయవచ్చు. అయితే 50 వేల డాలర్లకు తక్కువ కాకుండా టైటిల్ వన్ నిధులు పొందే డిస్ట్రిక్టులు అందులో పదిహేను శాతానికి మించి మరుసటి ఏటికి మిగుల్చుకోరాదు. ఈ వివరాలు ముందే తెలిసినవాడు ఏప్రిల్‌లోనే పిల్లల అవసరాలను గురించి అడుగుతాడు. తేదీల పట్టిక మాత్రమే తెలిసినవాడు సెప్టెంబరులో ఒప్పందాలు వెతుకుతాడు.

కరోనా కాలంలో ఈ బలహీనత మరింత స్పష్టమయింది. 2020, 2021లలో మూడు చట్టాల ద్వారా సుమారు 190 బిలియన్ల డాలర్లు పాఠశాలల సహాయానికి కేటాయింపబడ్డాయి. వాటికి సప్లాంట్ నిషేధం లేదు. అనుమతించిన ప్రయోజనాల పరిధి విశాలం. ఇది కొనవచ్చా, కొనకూడదా అన్న ప్రశ్నకు జాబితాలో సమాధానం వెతకడం నేర్చుకొన్నవారికి, ఏది కొంటే పిల్లలకు మేలన్న ప్రశ్న ఎదురయింది. ఆ ప్రశ్నకు వారి శిక్షణలో చోటు లేదు.

7. కెంటకీ పాఠం

జాబితా పద్ధతిని సమర్థించేవారు చివరకు చూపించేది శిక్షను: నిధి తిరిగి చెల్లించవలసి వస్తుంది. ఈ భయానికి న్యాయస్థాన ఆధారం బెన్నెట్ వర్సెస్ కెంటకీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అనే 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కెంటకీలోని కొన్ని డిస్ట్రిక్టులు 1974 ఆర్థిక సంవత్సరంలో వెనుకబడిన ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టైటిల్ వన్ నిధులతో ప్రత్యేక సంసిద్ధతా తరగతులు నడిపాయి. ఆ పిల్లలు సాధారణ తరగతికి వెళ్లలేదు, రోజంతా అక్కడే. తక్కిన పిల్లల సాధారణ బోధనకు స్థానిక నిధులు ఖర్చవుతుండగా, వీరి సాధారణ బోధన కూడా ఫెడరల్ సొమ్ముతోనే నడిచిందని ఆడిటర్లు ఆక్షేపించారు. రాష్ట్రం దురుద్దేశంతో వ్యవహరించలేదు, నియమానికి తనకు తోచిన సమంజసమైన అర్థం చెప్పుకొంది అంటూ అప్పీలు కోర్టు రాష్ట్రాన్ని బాధ్యతనుంచి తప్పించింది. సుప్రీంకోర్టు దానిని తిరగగొట్టింది. స్థూలంగా నియమాన్ని పాటించడం, సదుద్దేశం ఉండడం చాలవని తేల్చింది.

శిక్షణలో ఈ తీర్పు హెచ్చరికగా మాత్రమే పనికివస్తుంది. తీర్పును పూర్తిగా చదివితే అందులో మరో సూత్రం ఉంది. సందేహం వచ్చినప్పుడు రాష్ట్రానికి ఫెడరల్ అధికారులను స్పష్టీకరణ అడిగే అవకాశం ఉండిందన్నది న్యాయస్థానపు హేతువులలో ఒకటి. కాబట్టి కెంటకీ తీర్పు నేర్పే పాఠం భయపడమని కాదు, అడగమని. సందేహాన్ని లిఖితపూర్వకంగా ఎలా రూపొందించాలి, ఎవరికి పంపాలి, వచ్చిన సమాధానాన్ని ఎలా భద్రపరచాలి అన్నవి నేర్పదగిన నైపుణ్యాలు.

శిక్షణ మరుగుపరిచే మరో నియమం కూడా ఉంది. తప్పు జరిగినప్పుడు తిరిగి రాబట్టే సొమ్ము, ఫెడరల్ ప్రయోజనానికి కలిగిన హానికి అనులోమంగా ఉండాలని విద్యాశాఖ నిబంధనలే చెబుతున్నాయి. అంటే చట్టం దృష్టిలో కొలమానం హాని. హాని కలిగించని లోపమూ, పేద పిల్లల డబ్బును మరో పనికి మళ్లించడమూ సమానం కావు. ఈ తారతమ్యం తెలియని ఉద్యోగికి ప్రతి చిన్న లోపమూ మహాపరాధంగా తోస్తుంది. అప్పుడు అతడు ఎంచుకొనే సురక్షితమైన మార్గం కాదనడమే.

8. ఆక్షేపం, సమాధానం

ఈ వాదానికి బలమైన ఆక్షేపం ఉంది. లెక్కలు రాసే ఉద్యోగి శాస్త్రకారుడు కాడు. గ్రామీణ ప్రాంతపు చిన్న డిస్ట్రిక్టులో జీతాలు, కొనుగోళ్లు, గ్రాంట్లు ఒకే వ్యక్తి చూస్తుండవచ్చు. అతనికి కావలసింది తాత్పర్య మీమాంస కాదు, స్పష్టమైన జాబితా. పైగా వ్యాఖ్యాన స్వేచ్ఛ విశాలంగా ఉన్న 1965–69 కాలంలో ఏమి జరిగిందో మార్టిన్, మెక్‌క్లూర్ నివేదిక చెప్పనే చెప్పింది.

ఈ ఆక్షేపంలో సత్యం ఉంది. జాబితా లేకుండా నిత్యవ్యవహారం సాగదు. కాని 1969 నివేదిక చూపిన దోషానికి కారణం ప్రయోజనాన్ని ఎక్కువగా ఆలోచించడం కాదు, దానిని విస్మరించడం. ప్రయోజనాన్ని విస్మరించే స్వేచ్ఛకు విరుగుడుగా ప్రయోజనాన్ని విస్మరించే జాబితాను తేవడంవల్ల అసలు దోషం పోదు. పైగా జాబితా తాను చూడనిదాన్ని చూపలేదు. కంపారబిలిటీ లెక్కలో ఉపాధ్యాయుల సర్వీసు కాలంవల్ల వచ్చే జీతభేదాలను చట్టమే మినహాయించింది. అందువల్ల అనుభవజ్ఞులు ఒక బడిలో, కొత్తవారు పేద పిల్లల బడిలో ఉన్నా ఫారం మీద రెండూ సమానమే. 2015 చట్టం బడివారీగా అసలు జీతాలతో లెక్కించిన తలసరి వ్యయాన్ని ప్రకటించమనడంతో ఈ అంతరం బయటపడే వీలు కలిగింది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవడం నేర్పితే, ఆ అంతరాన్ని మొదట గుర్తించగలిగేది లెక్కల ఉద్యోగే.

ప్రస్తుత పరిస్థితి ఈ అవసరాన్ని పెంచింది. సింగిల్ ఆడిట్ తప్పనిసరి అయ్యే వార్షిక వ్యయపరిమితి 2024 సవరణతో ఏడున్నర లక్షల డాలర్లనుంచి పది లక్షలకు పెరిగింది. దీంతో కొన్ని చిన్న డిస్ట్రిక్టులు ఆ ఆడిట్ పరిధినుంచి తొలగుతాయి. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ తన సిబ్బందిని సుమారు సగానికి తగ్గించే నిర్ణయాన్ని ప్రకటించింది. తనిఖీ చేసేవారూ సమాధానం చెప్పేవారూ తగ్గినచోట నియమానికి మిగిలే ప్రధాన రక్షణ ఉద్యోగి అవగాహనే. బయటి భయం మీద నిర్మించిన నియమపాలన, ఆ భయం తొలగిన నాడు నిలవదు.

9. శిక్షణ ఎలా ఉండాలి?

పై విమర్శనుంచి కొన్ని ఆచరణీయమైన సూచనలు చేయవచ్చు. ప్రతి నియమాన్నీ అది పుట్టిన సందర్భంతో కలిపి చెప్పాలి; 1969 నాటి ఆడిట్ ఉదాహరణలు దీనికి చక్కగా ఉపకరిస్తాయి. సారాంశాలకు ముందు మూల వాక్యాన్ని చదివించాలి. లెక్కల ఉద్యోగి, ప్రధానోపాధ్యాయుడు, కార్యక్రమ సంచాలకుడు ఒకే తరగతిలో కూర్చోవాలి. వారి డిస్ట్రిక్టుకే గతంలో వచ్చిన ఆడిట్ ఆక్షేపణలు పాఠ్యాంశం కావాలి. ఆడిటర్లకు మార్గదర్శకంగా ఏటా వెలువడే కంప్లయన్స్ సప్లిమెంట్ బహిరంగ పత్రం కనుక దానిని నేరుగా చదివించవచ్చు. అయితే ప్రశ్నపత్రం చూసి పరీక్షకు తయారైనట్లు కాకుండా, ఆడిటరు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో చర్చించాలి. ఖర్చును ఆమోదించినప్పుడైనా తిరస్కరించినప్పుడైనా, ఎందుకన్నది రెండు మూడు వాక్యాలలో రాసి ఉంచే అలవాటు చేయాలి.

ఈ చివరి అంశం ముఖ్యమైనది. ఖర్చు చేసినందుకు ఆధారాలు అడుగుతారు గాని, ఖర్చును నిరాకరించినందుకు ఎవరూ ఆధారాలు అడగరు. అందువల్ల నిరాకరణవల్ల పిల్లలకు జరిగిన నష్టం ఏ నివేదికలోనూ కనిపించదు. కాదన్నదానికి కూడా కారణం రాయవలసి వస్తే, ఆ కారణం నియమమా, భయమా అన్నది రాసేవారికే తెలిసివస్తుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• ఫెడరల్ విద్యానిధుల ప్రధాన నియమాలు మూడూ పేద పిల్లలకు స్థానికంగా రావలసిన వాటాను కాపాడే ఒకే తాత్పర్యం కలవి. సాధారణ శిక్షణ వాటిని సంబంధం లేని మూడు ఫారాలుగా బోధిస్తోంది.

• సప్లిమెంట్ నియమానికి కార్యక్రమాన్ని బట్టి అర్థం మారుతుంది. ప్రకరణం లేని బోధన రెండు వైపులా తప్పులకు దారితీస్తుంది.

• టైమ్ అండ్ ఎఫర్ట్ నియమం రూపంనుంచి లక్షణానికి మారింది. సమాచారం పంచుకోవలసిన అధికారులందరినీ కలుపుకోకుండా లెక్కల సిబ్బందికి మాత్రమే ఇచ్చే శిక్షణ అసంపూర్ణం.

• కెంటకీ తీర్పును, హానికి తగిన వసూలు నియమాన్ని కలిపి చదివితే, ఉద్యోగికి కావలసింది భయం కాదనీ, సందేహాన్ని సకాలంలో లిఖితంగా అడిగే నైపుణ్యమనీ స్పష్టమవుతుంది.

• నిరాకరించిన ఖర్చులకు కూడా కారణాలు నమోదు చేయడం శిక్షణలో భాగం కావాలి.

డిస్ట్రిక్టులలో నమోదైన నిరాకరణలను సేకరించి, వాటిలో ఎన్ని నియమంవల్ల, ఎన్ని నియమాన్ని అపార్థం చేసుకోవడంవల్ల జరిగాయో తేల్చే క్షేత్రపరిశోధన ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లగలదు. మన రాష్ట్రాలలోని విద్యానిధుల వినియోగం మీద పనిచేసే పరిశోధకులకు కూడా అదే ప్రశ్న వర్తిస్తుంది.